ఏటిసూతకంలో కొండెక్కొచ్చా?

నాన్న పోయి నెల తిరక్కముందే, బెంగుళూరులో ఉండే మా చిన్నాన్న కొడుకు ఫోనుకి ఒక వ్యాసం పంపాడు. జపాన్‌లో 1982లో అక్కడి అటవీ శాఖ మొదలుపెట్టిన ‘అడవి స్నానం’ గురించి. చెట్ల మధ్య నెమ్మదిగా తిరిగితే గుండె బరువు దిగుతుందనీ, దుఃఖానికి ప్రకృతిని మించిన మందు లేదనీ దాని సారాంశం. కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాడు. ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు పాపం, వాణ్ణి తప్పు పట్టను.

చలికాలం వచ్చాక మావయ్యతో కలిసి మహేంద్రగిరి కొండకి బయల్దేరుతుంటే, ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడిలో మా పక్కింటి పెద్దమ్మగారు గేటు దగ్గర ఆపారు. “ఏటమ్మా, నాన్న పోయి ఏడాదైనా తిరగలేదు. ఏటిసూతకంలో కొండెక్కుతావేటి?”

ఒకరికి కొండ మందు, ఇంకొకరికి దోషం. ఈ రెండు మాటలూ చాలాకాలం నా బుర్రలో తిరిగాయి. ఇప్పుడు నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది కనక రాస్తున్నాను. అది ఆ వ్యాసంతోనూ కలవదు, పెద్దమ్మగారితోనూ కలవదు. మనిషి పోయిన ఇంట్లో మిగిలినవాళ్ళకి ఒంటితో చేసే పని ఒకటి కావాలి. పోయినవాళ్ళ గురించి నోరారా మాట్లాడుకునే చోటు ఒకటి కావాలి. నాకు ఆ రెండూ కొండ మీద దొరికాయి. మా తమ్ముడికి వేరేచోట దొరికాయి. అందరికంటే ఎక్కువ అవసరమున్న మా అమ్మకి మాత్రం ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ఒకే చావు, మూడు లెక్కలు

మాది పెద్దగా ఆచారాలు పాటించే ఇల్లు కాదు. అయినా చావు దగ్గరికొచ్చేసరికి కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఏదైనా జరిగితే మనవల్లే అనుకుంటాం కదా.

తమ్ముడు కర్త. వాడికి ఏడాది లెక్క, ఏటిసూతకమంటే అదే. గుడికి వెళ్ళకూడదు, కొండ ఎక్కకూడదు, పెళ్ళిళ్ళలో భోజనానికి కూర్చోకూడదు, నెలనెలా మాసికం పెట్టాలి. నేను పెళ్ళయిన కూతుర్ని, గోత్రం మారిపోయింది, కాబట్టి మూడు రోజులు. నాలుగో రోజు తలంటు పోసుకుంటే శాస్త్రం ప్రకారం నాకు దుఃఖం తీరిపోయినట్టే. పెద్దమ్మగారికి ఆ మాటే చెప్పాను. “మూడు రోజులే కదండీ నాకు” అంటే ఆవిడ ఇబ్బందిగా నవ్వి, “అదీ నిజమేలే” అని లోపలికి వెళ్ళిపోయారు. నన్ను కొండెక్కనిచ్చింది ఆ అన్యాయమైన లెక్కే. దానికి సంతోషించాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు.

అమ్మకి అసలు లెక్కే లేదు. ఏడాది తిరిగితే తమ్ముడి సూతకం పోతుంది. ఆవిడది పోదు. పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకూడదు, పిలవని గుమ్మం తొక్కకూడదు, పిలిచినా ఆలోచించుకోవాలి. ఇవన్నీ ఎవరూ నోటితో చెప్పరు. ఆవిడే తెలుసుకుని మసలుకుంటుంది.

హాల్లో గోడవారగా నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ. దానికెదురుగా అద్దెకి తెచ్చిన ఇంకో నాలుగు. వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుంటారు, అమ్మ మొహంలోకి చూస్తారు. “ఎంతండీ వయసు?” “డెబ్బై నాలుగు.” “పోన్లెండి, మంచం పట్టకుండా వెళ్ళారు, పుణ్యాత్ములు.” తర్వాత ఫ్యాను చప్పుడు. అమ్మ చీర కొంగు అంచుని గోటితో గీరుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళు గడియారం చూసుకోకుండా చూసుకుని, “మీరే ధైర్యంగా ఉండాలి” అని లేస్తారు. తర్వాత ఇంకొకరు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, మనిషిని ఒంటరిగా వదలకూడదనే. కానీ ఎదురెదురుగా కూర్చుని మొహంలోకి చూస్తుంటే మనిషి నోట్లోంచి నిజమైన మాట ఒక్కటీ రాదు. వచ్చినవాళ్ళని నొప్పించకుండా ఎలా ఏడవాలా అనే టెన్షనే సరిపోతుంది.

మావయ్య నోరు విప్పిన చోటు

కోయింపూర్ వైపు నుంచి మహేంద్రగిరికి జీపులు చాలా పైదాకా పోతాయి. శివరాత్రికి ఆ దారంతా జనమే. మేం వెళ్ళింది మామూలు రోజు, పైగా మంచు. సగం దూరంలోనే దిగిపోదామని మావయ్యే అన్నాడు. ఆయనకి మోకాలి నొప్పి, నాకు బరంపురంలో మేడ మెట్లెక్కడం తప్ప వేరే అలవాటు లేదు. 1501 మీటర్ల కొండ, అందులో మేం నడిచింది పై భాగం మాత్రమే. ట్రెకింగ్ అంటే తెలిసినవాళ్ళు నవ్వుతారు.

మొదటి అరగంట మాకు మాటే లేదు. ఊపిరి తీసుకోవడమే పెద్ద పనయింది. అడ్డాకు తీగలు చెట్ల మీంచి దారి మీదకి వేలాడుతున్నాయి, తడిసిన మట్టి మీద చెప్పు జారుతోంది. ఇంట్లో నాన్న గురించి ఆలోచించకుండా ఉండాలని ఎంత ప్రయత్నించినా కుదిరేది కాదు. అక్కడ తర్వాతి అడుగు ఎక్కడ వెయ్యాలన్నదే ఆలోచన. ఆ వ్యాసంలో చెప్పినట్టు మనసు తేలికేమీ పడలేదు. కాసేపు మనసుకి వేరే పని తగిలింది, అంతే.

ఒక మలుపు దగ్గర మావయ్య ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “మీ నాన్న పెళ్ళిచూపులకి వచ్చిన రోజు రైల్లో నిద్రపోయాడు, తెలుసా నీకు?”

నాకు తెలియదు. నాన్న నౌపడ–గుణుపురం బుల్లి రైలు లైన్లో బుకింగ్ క్లర్కు. 2004లో గేజి మార్చడానికి దాన్ని ఆపేసేనాటికి రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉన్నారు. అమ్మ పుట్టిల్లు అదే లైన్లో కాశీనగర్. ఆ రోజు పదేళ్ళ మావయ్యని స్టేషనుకి పంపారట, పెళ్ళికొడుకుని తీసుకురమ్మని. రైలొచ్చింది, పెళ్ళికొడుకు దిగలేదు. ఇంట్లో ఉప్మా చల్లారిపోయింది, తాతయ్య అరుపులు మొదలయ్యాయి. సాయంత్రం గుణుపురం నుంచి తిరిగొచ్చే బండిలో నాన్న దిగారు. నిద్రపట్టేసి చివరి స్టేషను దాకా వెళ్ళిపోయానని చెప్పారట. రైల్వే ఉద్యోగి! తాతయ్య ఆ మాటకే పగలబడి నవ్వి పిల్లనిచ్చాడట.

చెప్పి మావయ్య నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దారిపక్కన రాయి మీద కూలబడి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. పన్నెండు రోజులూ మా ఇంట్లోనే ఉన్న మనిషి, ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. “ఇంట్లో ఎందుకు చెప్పలేదు మావయ్యా?” అంటే, “ఆ కుర్చీల్లో కూర్చుని ఇది ఎలా చెప్తానే?” అన్నాడు.

నా వాదనంతా ఈ జవాబు మీదే నిలబడింది. దారిలో ఇద్దరూ ఒకవైపే చూస్తారు. మాట మధ్యలో ఆగిపోతే ఆయాసం వచ్చిందనుకోవచ్చు, గొంతు పూడుకుపోతే చెట్టు వంక చూడొచ్చు. ఎవరూ ఎవర్నీ ఓదార్చాల్సిన పని లేదు.

పైన భీముడి గుడి దగ్గర, పెద్ద పెద్ద రాళ్ళు పేర్చి కట్టిన ఆ చిన్న గుడి పక్కన, గాలికి నిలబడలేకపోయాం. నాన్న అస్థికలు వంశధారలో కలిపాం. ఈ కొండ మీద పుట్టిన మహేంద్రతనయ పర్లాకిమిడి మీదుగా వచ్చి ఆ ఏట్లోనే కలుస్తుంది. (అదే పేరుతో ఇంకో ఏరు కూడా ఇక్కడే పుట్టి, బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండూ ఒకటేననుకునేవాళ్ళు మా ఊళ్ళోనే బోలెడుమంది.) “మీ నాన్న కలిసిన నీళ్ళు ఇక్కణ్ణుంచి వచ్చినవే” అన్నాడు మావయ్య. “నీళ్ళు కిందికి పోతాయి మావయ్యా, పైకి రావు” అన్నాను. అలాంటి మాటలంటే నాకు పడదు. ఆయన ఏమీ అనుకోలేదు.

కొండ అందరికీ ఒకటి కాదు

దిగేటప్పుడు ఒక సవర ఆవిడ ఎదురైంది, నెత్తి మీద కొండచీపుళ్ళ మోపు. మేం కూర్చున్న చోటే ఆవిడా మోపు దించింది. ఒరియా తెలుగు కలిపి “గుడికా?” అని అడిగింది. మా బావ పోయాడు, ఊరికే ఇలా వచ్చామన్నాడు మావయ్య. ఏం జబ్బు, ఎన్నాళ్ళు మంచంలో ఉన్నాడు, పోయేటప్పుడు పక్కన ఎవరున్నారు, ఏమైనా అన్నాడా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విని తల ఊపింది. ఊళ్ళో అంతమంది వచ్చినా వయసు తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత మోపెత్తమంది. కింద సంతకెళ్ళే బండి వెళ్ళిపోతుందని గబగబా దిగిపోయింది.

మేం నడవడానికి వచ్చిన కొండ ఆవిడకి పని చేసే చోటు. ఈ ఓదార్పు, నడక, ప్రకృతి అనేవన్నీ జీపు బాడుగ ఇచ్చుకోగలిగినవాళ్ళ మాటలా? చాలావరకు అవును. ఇదే గజపతి జిల్లాలో 2018 అక్టోబరులో తితలీ తుఫానుకి బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి, ఒక్కచోటే పదిమందికి పైగా పోయారు. వాళ్ళ ఇంట్లో మిగిలినవాళ్ళకి పోయి ‘ప్రకృతి గాయాలు మాన్పుతుంది’ అని చెప్పగలమా? కొండకి మన మీద ప్రేమా లేదు, పగా లేదు. దానికి మందు గుణం అంటగట్టే వ్యాసాలంటే నాకు అందుకే చిరాకు.

పోనీ, కొండల్లో ఉండే సవరలు చావుని ఎలా ఎదుర్కొన్నారు? కేంబ్రిడ్జికి చెందిన పియర్స్ వితెబ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త 1970ల నుంచి వాళ్ళ ఊళ్ళకి వచ్చి ఉండి, భాష నేర్చుకుని, దీని గురించి వివరంగా రాశాడు. పోయినవాళ్ళు పూనకం వచ్చిన మనిషి నోట మాట్లాడేవారు. ఆ మనిషి చాలాసార్లు ఆడదే. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో వాదించేవారు, నిలదీసేవారు, వెక్కిరించేవారు, ఏడ్చేవారు. ఒకసారితో అయిపోయేది కాదు, ఏళ్ళ తరబడి సాగేది. పోయినవాళ్ళ పేర రాళ్ళు నిలబెట్టేవారు. ఇప్పుడు చాలామంది క్రైస్తవంలోకి మారారు, ఆ సంభాషణలు చాలా ఊళ్ళలో ఆగిపోయాయి. నమ్మకం సంగతి పక్కన పెట్టండి. చుట్టూ అడవి ఉన్నవాళ్ళు కూడా అడవే ఓదారుస్తుందని ఊరుకోలేదు, మాట్లాడే ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. గిడుగువారు సవర భాష నేర్చుకున్నది మా పర్లాకిమిడిలో ఉండగానే. నూరేళ్ళు దాటినా పట్నంలో ఉండే మాలాంటివాళ్ళకి ఆ భాషలో ‘బాగున్నారా’ అని అడగడం కూడా రాదు.

చదువుకున్నవాళ్ళ లెక్కలు

పరిశోధనలు లేకపోలేదు. రోజర్ ఉల్‌రిచ్ 1984లో అచ్చేసిన ఒక పరిశీలన అందరూ చెప్తారు. పిత్తాశయం ఆపరేషనైనవాళ్ళలో, కిటికీలోంచి చెట్లు కనబడ్డవాళ్ళు, ఇటుక గోడ కనబడ్డవాళ్ళకంటే కాస్త ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మాత్రలు తక్కువ వాడారు. 2015లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు కొంతమందిని తొంభై నిమిషాలు చెట్ల మధ్య, ఇంకొంతమందిని రద్దీ రోడ్డు పక్కన నడిపించి చూస్తే, చెట్ల మధ్య నడిచినవాళ్ళకి ఒకే చేదు ఆలోచన చుట్టూ తిరగడం తగ్గిందట. బాగానే ఉంది. కానీ వాళ్ళు ఆపరేషను రోగులు, ఆరోగ్యంగా ఉన్న మనుషులు. తండ్రి పోయినవాళ్ళో భర్త పోయినవాళ్ళో కారు. దిగులు వేరు, మనిషి లేని లోటు వేరు.

నాకు ఎక్కువ పనికొచ్చింది 1999లో స్ట్రోబె, షుట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన మాట. మనిషి పోయినవాళ్ళు కాసేపు దుఃఖంలోకి వెళ్తారు, కాసేపు దాన్నుంచి తప్పుకుని బతుకు పనుల్లో పడతారు, మళ్ళీ వెళ్తారు. ఈ రాకపోకలే ఆరోగ్యం, ఏదో ఒక వైపే ఉండిపోవడం కాదంటారు వాళ్ళు. కొండెక్కడం పారిపోవడమే కదా అని ఎవరైనా అంటే అవుననే చెప్తాను. తిరిగొచ్చేవాళ్ళం కాసేపు పారిపోతే తప్పేంటి?

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2022లో అమెరికా మానసిక వైద్యులు తమ జబ్బుల జాబితాలో, ఏడాది దాటినా రోజువారీ బతుకు సాగనివ్వని దుఃఖాన్ని చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గడువైతే ఆరు నెలలే. మన ఏటిసూతకం, వాళ్ళ ఏడాదీ కలవడం నాకు వింతగా అనిపించింది. ఆ స్థితిలో ఉన్నవాళ్ళని కొండకి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

తమ్ముడి మాట

నేను ఇవన్నీ ఏకరువు పెడితే తమ్ముడు ఊరుకోలేదు. వాడిది నిజానికి నాకంటే గట్టి వాదన. “నీకు కొండ దొరికింది, బాగుంది. నాకు మాసికం ఉంది కదక్కా. నెలకోసారి పొద్దున్నే లేచి తడిబట్టతో కూర్చుంటాను. పిండం నా చేత్తో చేస్తాను. నాన్న పేరూ గోత్రమూ పైకి చెప్తాను. ఆ ఇంట్లో ఆయన పేరు గట్టిగా పలికేది నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు ‘ఆయన’ అంటారు, ‘పోయినాయన’ అంటారు.”

ఏటిసూతకాన్ని ఎద్దేవా చేద్దామని మొదలెట్టిన నా నోరు అక్కడ మూతపడింది. చేతులకి పని, నోటికి పేరు. వాడికి మంత్రాల్లో దొరికింది, నాకు మట్టి దారిలో దొరికింది. కొండెక్కకూడదన్న నియమం కూడా పూర్తిగా పిచ్చిది కాదేమో. కొడుకు నెలనెలా ఇంట్లో ఉండాలి, తీర్థాలని చెప్పి తిరక్కూడదు అనే ఇంగితం అందులో ఉండొచ్చు. కానీ అదే లెక్కన అడుగుతాను. అమ్మకి ఏముంది? మాసికానికి వంట చేస్తుంది, వడ్డిస్తుంది, మళ్ళీ కుర్చీలోకి వెళ్తుంది. మంత్రంలో ఆవిడకి మాట లేదు. కొండకి ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

ఇంకో నిద్ర

మన పెద్దవాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. భర్త పోయినామెని పుట్టింటికి ‘నిద్ర’కి తీసుకెళ్ళే ఆచారం ఎందుకుంది? ఆ గోడలూ ఆ మంచమూ కాకుండా వేరే కప్పు కింద పడుకోనివ్వాలని కాకపోతే? అమ్మనీ తీసుకెళ్ళారు, ఆనవాయితీ ప్రకారం నిద్రలు చేయించి తెచ్చేశారు. అక్కడున్న రోజుల్లో పొద్దున్నే ఏటి వైపు వెళ్ళి వచ్చేదని మావయ్య కొండ మీద మాటల్లో అన్నాడు. కొండ దిగాక ఆవిణ్ణి మళ్ళీ తీసుకెళ్ళమని పట్టుబట్టాను. “నిద్రలైపోయాయి కదా” అన్నారు చుట్టాలు. “ఒకటి మిగిలిపోయిందనుకోండి” అన్నాడు మావయ్య.

మాఘమాసం అంతా ఉంది అమ్మ. వంశధారలో నీళ్ళు తగ్గి, ఇసుకలో పాదులు పెట్టే కాలం అది. నేను వెళ్ళిన రోజు చూశాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చిన్న బిందెతో చెలమలోంచి నీళ్ళు ముంచి, ఎవరిదో బీరపాదుకి పోస్తోంది. ఒక్కో పాదు మొదట్లో ఇసుకని వేళ్ళతో గుంట చేసి పోసి, నీళ్ళు ఇంకేదాకా నిలబడి, అప్పుడు పక్క పాదుకి వెళ్తోంది. పాదుల ఆసామి భార్య గట్టున కూర్చుని ఆవిడతో ఏదో మాట్లాడుతోంది. ఆవిడకి అమ్మ గురించి తెలుసు. కానీ మొహంలోకి చూడటం లేదు, పాదుల్నే చూస్తోంది.

ఇంటికి తిరిగొస్తూ మావయ్య చెప్పిన పెళ్ళిచూపుల కథ అమ్మకి చెప్పాను. అమ్మ నడక ఆపకుండానే, “నిద్రపోలేదే. భయమేసి దిగలేకపోయారు” అంది. స్టేషన్లో మావయ్యని చూశారట, రైలు కదిలేదాకా సీట్లోంచి లేవలేకపోయారట. “పెళ్ళైన రెండేళ్ళకి చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇప్పుడు చెప్పాను, ఏమంటారో” అంది. అన్నేళ్ళు మా ఇంట్లో ఎవరికీ తెలియని మాట అది. ఆ నీలం కుర్చీలో అయితే ఎప్పటికీ బయటపడేది కాదని నా నమ్మకం.

ఏటి ఒడ్డు బాగుందా అని అడిగితే మాత్రం అమ్మ నా వాదనకి సాయం రాలేదు. “ఏరు ఏం చేస్తుందమ్మా? అక్కడ నన్ను చూసి ఎవరూ అయ్యో అనరు, అందుకెళ్తాను” అంది.

కాబట్టి నేను పరామర్శకి వెళ్తే ఇప్పుడు కుర్చీలో కూర్చోను. “అలా వీధి చివరిదాకా వస్తారా పిన్నిగారూ” అంటాను. బరంపురంలో ఒకింట్లో కొడుకు మొహం చిట్లించాడు, ఇంకో ఇంట్లో ఆవిడే చెప్పులు వెతుక్కుంది. ఆచారం ఒప్పుకోదనేవాళ్ళకి నిద్ర సంగతి గుర్తుచేస్తాను. గుడిలోకి వెళ్ళనక్కర్లేదు, ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు, చెరువు గట్టుకీ పొలం గట్టుకీ మైల అంటదు.

సంవత్సరీకం దగ్గరకొస్తోంది. అది అయ్యాక అమ్మని మహేంద్రగిరి తీసుకెళ్దామని మావయ్య జీపు అతనితో అప్పుడే మాట్లాడేశాడు. తమ్ముడు కూడా వస్తానన్నాడు, సగం దారిలో దిగి నడవడం మాత్రం అమ్మ వల్ల కాదంటున్నాడు. అమ్మ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. పైన చలి ఎలా ఉంటుందని ఒకసారి, భోజనం ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళాలా అని ఇంకోసారి అడిగింది.